సగం పాకం

డాక్టరు త్రినాధరావుగారి ఆస్పత్రి డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఇనుప స్తంభానికి బిగించిన తెల్లటి పెట్టె ఒకటి ఉండేది. దాని ముందువైపు పళ్లెమంత అద్దం. నర్సులు దాన్ని ‘కన్ను’ అనేవారు. అలాంటిదే ఇంకో కన్ను బైపాస్ రోడ్డు పక్కన కొత్తగా కట్టిన స్కానింగ్ సెంటరు మీద ఉంది. మధ్యలో రైలు కట్ట, చెరుకు తోటలు, శారదానది. కేబుల్ వేద్దామంటే రైల్వేవాళ్ల అనుమతి ఎప్పటికి వస్తుందో తెలీదు కాబట్టి, రెండు కళ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటూ లేజరు వెలుగులో మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. ఆ వెలుగు మనిషి కంటికి కనబడదు. బైపాస్ దగ్గర తీసిన తలకాయ ఫోటో రెప్పపాటులో ఊళ్లో డాక్టరుగారి బల్ల మీదికి వచ్చేస్తుంది.

వచ్చినప్పుడు వస్తుంది. రానప్పుడు ఇమ్మాన్యుయేల్‌కి ఫోను వస్తుంది.

ఆ డిసెంబరు ఉదయం ఫోను వచ్చేసరికి అతను గవరపాలెంలో అద్దె ఇంటి గుమ్మానికి స్టూలెక్కి కాగితం నక్షత్రం కడుతున్నాడు. కింద నిలబడి భార్య షెకీనా "ఎడం పక్కకండీ, ఇంకొంచెం" అని పురమాయిస్తోంది. ఫోను చేసింది ఆస్పత్రి కాంపౌండరు. నక్కపల్లి దగ్గర హైవే మీద చీకటి విడకుండానే లారీ ఒక సైకిలును కొట్టేసింది. ట్యూషన్‌కి వెళ్తున్న పిల్ల, పేరు కుమారి, తలకు దెబ్బ. బైపాస్ దగ్గర స్కాన్ తీసి, పిల్లని ఆస్పత్రికి తెచ్చి చాలాసేపయింది. ఫోటో మాత్రం రావడం లేదు.

స్కూటరు సీటు తడిసి ఉంటే అరచేత్తో తుడిచి, ఎక్కి, ఆదరాబాదరా వెళ్లాడు. అతను వెళ్లేసరికి అక్కడ తొందరపడాల్సిన పని అయిపోయింది. ఫోటోలు రావని తేలాక ఎవరో ఫిల్ము పట్టుకుని మోటారుసైకిలు మీద బయలుదేరారట. రైలు గేటు పడిందట. గూడ్సు బండి కదలక కదలక కదిలిందట. ఫిల్ము డాక్టరుగారి చేతికి వచ్చేసరికి ఆ పిల్ల ఊపిరి ఆగిపోయింది. తండ్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో ఆడపిల్ల చెప్పు ఒకటే ఉంది. రెండోది ఎక్కడ పడిపోయిందో అని వచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతున్నాడు.

ఇమ్మాన్యుయేల్ డాబా ఎక్కాడు. పెట్టె వెనక సిగ్నలు దీపాలన్నీ ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి. ఎండ వచ్చేసింది. ఆకాశంలో మచ్చలేదు. అటువైపు చూస్తే ఒక్కటే కనిపించింది. ఏటి అవతల చెరుకు తోటల మధ్య బెల్లం వండే పొయ్యి, దాని మీంచి లేచి గాలి లేక అలాగే అడ్డంగా పడుకున్న నల్లటి పొగ. రెండు కళ్ల మధ్య గీత గీస్తే సరిగ్గా ఆ గీత మీదే ఉంది.

దిగి వచ్చేసరికి డాక్టరుగారు మెట్ల దగ్గరే పట్టుకున్నారు. "ఏమయ్యా, నీ మిషను ఏమైపోయింది?"

"పొగండి. ఏటవతల బెల్లం పొయ్యి పొగ అడ్డం పడిపోయింది."

"సత్తియ్య పొయ్యా? అది మా భూమిలోదే కదయ్యా!" అన్నారు డాక్టరుగారు, గొంతులో ఊరట దాచుకోలేక.

మెట్ల మీది తండ్రి తలెత్తి చూశాడు. పొగ అన్న మాట అతను విన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇమ్మాన్యుయేల్‌కి కూడా ఒళ్లు తేలికపడిందంటే అబద్ధం కాదు. ఈ కళ్లు పెట్టొచ్చని సర్వే చేసి చెప్పింది అతనే. సర్వే చేసింది మండుటెండల్లో, మే నెలలో. వానకి పెద్దగా భయం లేదుగానీ మంచుతో జాగ్రత్తగా ఉండమని హైదరాబాదులో ట్రైనింగు ఇచ్చినాయన మరీమరీ చెప్పాడు. చెమటలు కారుతున్న ఆ మధ్యాహ్నం, అనకాపల్లిలో మంచేమిటిలే అనుకుని, ఉండదని రాసి పారేశాడు. అలాంటివాడికి పొగ దొరికితే దేవుడు దొరికినట్టే.

*

సాయంత్రం డాక్టరుగారి మాటగా పొయ్యి దగ్గరికి వెళ్లాడు. మూడు రోజులు ఆపించి చూద్దాం, అప్పటికి తేలిపోతుంది అన్నారాయన.

ఏటి గట్టు దాటగానే బెల్లం వాసన ముక్కుని పట్టుకుని లాక్కెళుతుంది. అక్కడ ఆ చుట్టుపక్కల రైతులందరికీ సత్తియ్యే బెల్లం వండేది. నేలలోకి తవ్విన పొయ్యి మీద బండి చక్రమంత ఇనుప పెనం. పెనంలో చెరుకు రసం తెర్లుతోంది. పొయ్యి నోటి దగ్గర సత్తియ్య భార్య చిన్నమ్మలు ఎండిన పిప్పి గుప్పెళ్లతో లోపలికి తోస్తోంది. సత్తియ్య పొడుగు గరిటెతో మీదికొచ్చిన తెట్టు తీసి పక్కన బానలో వేస్తున్నాడు. బక్కపలచని మనిషి. ముంజేతుల నిండా చిట్లిన పాకం కాల్చిన పాత మచ్చలు.

"రండి బాబూ, రండి. ఆస్పత్రి ఇంజినీరు బాబు గదా! డాబా మీద మీరు నిలబడితే ఇక్కడికి అగుపడతారు," అన్నాడు సత్తియ్య నవ్వుతూ.

"మామా, నీతో ఒక మాట..."

"మాటకేటి, సెప్పుదురు గాని. ముందు ఇది తినండి. పొయ్యి కాడికొచ్చినోలు ఒట్టి నోటితో ఎల్లకూడదు. మా తాత కాణ్ణించీ అదే పద్దతి."

పెనం అంచు నుంచి గరిటెతో నురగ పాకం తీసి అరిటాకు ముక్క మీద పోసి, ఊది, అందించాడు. ఇమ్మాన్యుయేల్ తిన్నాడు. నాలుక చుర్రుమంది. అంత రుచి అతను ఎప్పుడూ ఎరగడు. ఆకు ముడిచి పారేశాక కూడా వేళ్లు అంటుకుంటూనే ఉన్నాయి.

అప్పుడు చెప్పాడు. కంటికి కనబడని వెలుగొకటి మీ నెత్తి మీదనుంచి పోతుందన్నాడు. పొగా వేడీ దానికి అడ్డమన్నాడు. డాక్టరుగారు కొన్నాళ్లు ఆపమన్నారన్నాడు. సత్తియ్య గరిటె ఆపకుండా విని, తల అడ్డంగా ఊపాడు.

"ఎలగవుతాది బాబూ? అదిగో ఆ గట్టు మీద సెరుకు సూడండి. నరికీసేరు. నరికిన సెరుకు ఆగదు, పులిసిపోతాది. నమ్మి తెచ్చినోలికి నేనేటి సెప్పాల? అయినా ఎన్నేళ్లనించి మండుతున్నాది ఈ పొయ్యి! మొన్నొచ్చిన దీపానికి అడ్డవొచ్చిందా?"

ఆ మాటలో న్యాయముంది. న్యాయం ఎదుటివాడి వైపు కనిపిస్తే మనిషికి చిరాకు వస్తుంది. ఒంటి నిండా అలసట, చెవుల్లో ఆ తండ్రి చెప్పు కోసం అడుగుతున్న గొంతు. ఇమ్మాన్యుయేల్ నోరు జారాడు.

"ఈ పొద్దున్న నక్కపల్లి పిల్ల చచ్చిపోయింది మామా. దాని తలకాయ ఫోటో రాలేదు. నీ పొగలో ఆగిపోయింది. టైముకి వచ్చుంటే బతికేది."

గరిటె ఆగింది.

"ఎంత పిల్ల బాబూ?"

"టెన్తు చదువుతోంది."

సత్తియ్య గరిటె పక్కన పెట్టి, పొయ్యి నోటి దగ్గరికి వచ్చి, భార్యను భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. పొడుగాటి ఇనుప కొక్కెం తీసుకుని లోపల మండుతున్న పిప్పినంతా బయటికి లాగాడు. నిప్పు కాళ్ల మీదికి దొర్లుతున్నా ఆగలేదు. నీళ్ల బాన ఎత్తి గుమ్మరించాడు. తెల్లటి ఆవిరి ముగ్గురినీ కప్పేసింది.

"ఓలమ్మో, పాకం సగంలో ఉన్నాదయ్యా!" అని అరిచింది చిన్నమ్మలు. "పెనం మీదున్నప్పుడు మంట తీత్తారా ఎవులైనా? నీకు మతి పోనాదేటి!"

రసం పెనం మీద ఉండగా మంట తీసినవాణ్ణి ఆ ప్రాంతంలో ఎవరూ చూడలేదు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా ఒకరు పొయ్యి దగ్గరే ఉండి పాకం దించి వస్తారు. సత్తియ్య ఆవిరిలోంచి పెనం వైపు చూస్తూ నిలబడ్డాడు. తెర్లడం మెల్లమెల్లగా తగ్గి, బుడగలు ఒక్కొక్కటిగా పగిలి, ఆగిపోయింది. ఇమ్మాన్యుయేల్ అంటుకుంటున్న వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని వచ్చేశాడు.

*

మర్నాటినుంచి ముసురు పట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియో చెప్పింది. ఆకాశం బూడిదరంగుకి తిరిగి, రాత్రీ పగలూ తూర్పుగాలి కొట్టింది, ఉండుండి సన్న జల్లు పడింది. ఆ మూడు తెల్లవారుజాములూ పెట్టె వెనక దీపాలు ఒక్కటి కూడా కన్నార్పలేదు. ఏటవతల పొగ లేదు. ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

"చూశావా! పొయ్యి ఆరింది, రోగం కుదిరింది," అన్నారు డాక్టరుగారు. ఇక ఆ పొయ్యి వెలగడానికి వీల్లేదని మనిషి చేత కబురు పంపించారు. నక్కపల్లికి కూడా కబురు వెళ్లింది, తప్పు ఆస్పత్రిది కాదని.

ఇంటిదగ్గర షెకీనా క్రిస్మస్‌కి అరిసెలు వండుదామని బెల్లం తెమ్మంది.

"ఈసారి వద్దులే," అన్నాడు.

"బెల్లం లేకుండా అరిసెలేటండి?" అని ఆమె నవ్వింది. అతను నవ్వకపోయేసరికి మొహంలోకి చూసింది. "ఏటైంది? కనెక్షన్ బాగుందన్నారు గదా?"

"బాగానే ఉంది."

"మరి బాగున్నప్పుడు అలాగుంటారేటి?"

కారణం అతనికీ పూర్తిగా తెలీదు. ముసురు పట్టిన మూడు రోజుల్ని చూసి మబ్బు లేని రోజు సంగతి తేల్చేశామే అని లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటోంది. అంతకన్నా ఎక్కువగా, ఆవిరిలో నిలబడ్డ ఆ మనిషి గుర్తుకొస్తున్నాడు.

*

నాలుగోనాటికి మబ్బు విడిపోయింది. రాత్రి గాలి ఆగింది. చుక్కలు కడిగినట్టున్నాయి. మర్నాడు ఎవరూ పిలవకుండానే ఇమ్మాన్యుయేల్ చీకటితో లేచాడు. స్కూటరు సీటు మీద చెయ్యి వేస్తే తడి. జల్లు పడలేదు. అరచెయ్యి అలాగే సీటు మీద ఉంచి కాసేపు నిలబడ్డాడు. ఆ పిల్ల పోయిన రోజు కూడా ఇదే తడి తుడుచుకుని కూర్చున్నాడు తను.

డాబా ఎక్కేసరికి ఊరు లేదు. ఏటి మీంచి లేచిన మంచు చెరుకు తోటల్ని, రైలు కట్టని, బైపాస్‌ని మింగేసి ఆస్పత్రి పిట్టగోడ దాకా వచ్చింది. ఎక్కడో రైలు కూత వినిపించింది గాని రైలు కనబడలేదు. పెట్టె వెనక్కి వెళ్లి వంగి చూశాడు. దీపాలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఏటవతల పొయ్యి వెలగక నాలుగైదు రోజులైంది. పొగ పోగు లేదు.

ఎండ పొడవగానే మంచు విరిగింది. ఒక్కొక్క దీపమే ఆకుపచ్చకి తిరిగింది. ఆస్పత్రిలో జనం లేచి ఎవరి పనుల్లో వాళ్లు పడేసరికి డాబా మీద ఏ ఆనవాలూ లేదు. ఆ మొదటిరోజు కూడా ఇలాగే జరిగిందని అతనికి అర్థమైంది. ఆరోజు పొగ అడ్డంగా ఉండగానే దీపాలు ఆకుపచ్చగా వెలిగాయి. ముసురులో గాలి ఆడుతుంది, మబ్బు కప్పుతుంది, మంచు పట్టదు. ఆ మూడు రోజులూ పొయ్యి మండినా ఫోటోలు వచ్చేవి.

ఆ పూటే వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక్కరోజు చూసి ఎలా తేలుస్తాం, రేపు కూడా చూద్దాం అనుకున్నాడు. పనిలో జాగ్రత్త అనుకున్నాడు దాన్ని. నిజానికి భయం. మే నెలలో తను రాసిన మాట కళ్ల ముందు ఆడుతోంది. ఇంట్లో షెకీనాకి అయిదో నెల.

రెండోరోజు కూడా మంచు పట్టింది, దీపాలు ఎర్రబడ్డాయి. ఇక సాకులు మిగల్లేదు. డాక్టరుగారి గదిలోకి వెళ్లి నిలబడి చెప్పేశాడు. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"కూర్చో. మంచని ఇప్పుడంటున్నావు. మంచు ఉండదని చెప్పిందెవరు?"

"నేనేనండి."

"పొగ అని చెప్పిందెవరు?"

"నేనేనండి."

"మరి? పిల్ల తరఫువాళ్లకి పొగ అని చెప్పాం. వాళ్లు ఏడ్చి ఊరుకున్నారు. ఇప్పుడు వెళ్లి కాదు మంచు అంటే, మంచు పడుతుందని తెలీకుండా ఈ డబ్బా ఎందుకు పెట్టారు అంటారు. ఆస్పత్రి పోతుంది, నువ్వూ పోతావు. రెండు నెలలు పోతే మంచూ ఉండదు. ఈలోగా తెల్లవారుజామున ఒక మోటారుసైకిలు సిద్ధంగా ఉంచుదాం. అయినా నీకెందుకింత బెంగ? అంత దెబ్బకి ఫోటో వచ్చినా ఆ పిల్ల బతికేది కాదు."

"ఆ మాట ఆరోజే చెప్పుండాల్సింది సార్."

డాక్టరుగారు తల దించుకుని మందుల చీటీ ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇమ్మాన్యుయేల్ లేచి నిలబడ్డాడు. మెట్లు దిగాడు. నేరుగా వెళ్లి ఏటి గట్టెక్కాడు.

*

గట్టు దిగాక బెల్లం వాసన రాలేదు. పులిసిన చెరుకు వాసన వచ్చింది. నరికిన మోపులు ఎర్రబడి, చీమలు పట్టి, అలాగే పడున్నాయి. పొయ్యి ఉండాల్సిన చోట మట్టిగుట్ట. కాలిన ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెనం బోర్లించి ఉంది. దాని పక్కన చిన్నమ్మలు కూర్చుని ఇటుకలకున్న మట్టి గోకుతోంది.

"ఏటమ్మా ఇది?"

"ఆయనే పడగొట్టేడు," అంది తలెత్తకుండా. "డాకటరు బాబు ముట్టించొద్దన్నారు గాని, పడగొట్టమన్లేదు. ఈ మడిసే గునపం అట్టుకున్నాడు. ఆపయ్యా బగమంతుడా అంటే ఇనలేదు. ఆ పిల్ల సిన్నదినానికి నక్కపల్లి ఎల్లేడు బాబూ. ఇంట్లోకి ఎల్లడానికి మొకం సెల్లక, ఈదిలో కరెంటు స్తంబం కాడ నిలబడీసి వొచ్చేసేడు. ఆ కాణ్ణించీ కంటిమీద కునుకు నేదు. రాత్తిరంతా కూకునే ఉంటాడు."

సత్తియ్య పాకలోంచి వచ్చాడు. వారంలో పదేళ్లు మీదపడ్డట్టున్నాడు.

"రండి బాబూ," అన్నాడు అలవాటు కొద్దీ. అరిటాకు కోసం చెయ్యి కదిలి, మళ్లీ ఆగిపోయింది.

ఇమ్మాన్యుయేల్ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఒక్కటీ మిగల్లేదు. "నీ పొగ కాదు మామా," అన్నాడు. "మంచు."

సత్తియ్యకి అర్థం కాలేదు.

"మంచులో బండి లైటు వేస్తే దారి అగుపడుతుందా? వెలుగంతా మన మొహం మీదికే తిరిగొచ్చేస్తుంది. మా లైటు కూడా అంతే. నిన్నా ఇవాళా నీ పొయ్యి లేదు. అయినా ఆగిపోయింది. ఆ పిల్ల పోయిన రోజున కూడా మంచే. నేను చూడకుండా నీమీద పెట్టేసేను. తప్పు నాది."

సత్తియ్య అతని మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాడు ఇమ్మాన్యుయేల్. కొడితే కొట్టనీ అనుకున్నాడు.

"అయితే బాబూ," అన్నాడు సత్తియ్య, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "ఆ పిల్ల నా వల్ల పోలేదా?"

"పోలేదు మామా."

"నిజం సెప్పు."

"నిజం. నా బిడ్డ తోడు."

సత్తియ్య బోర్లించిన పెనం మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. చిన్నమ్మలు లేచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత ఇమ్మాన్యుయేల్ వైపు తిరిగింది. ఆమె కళ్లల్లో తడి లేదు.

"ఈ మాట మీకు ఎప్పుడు తెలిసింది బాబూ?"

"నిన్న పొద్దున్న."

"నిన్న మజ్జానం పడగొట్టేడు," అంది ఆమె. వెళ్లి మళ్లీ ఇటుక అందుకుంది.

ఇమ్మాన్యుయేల్ చచ్చిపోవాలనుకున్నాడు. సత్తియ్య మాత్రం ఆ మాట విన్నట్టే లేడు. మొహం తుడుచుకుని పాకలోకి వెళ్లి, ఒక ముంత పట్టుకొచ్చాడు. ఆరోజు సగంలో మంట తీసేసిన పాకం. గట్టిపడలేదు. బెల్లమూ కాదు, రసమూ కాదు, నల్లగా సాగుతోంది. చేటలో ఓ మూలనున్న అరిటాకు చింపి, వేలితో దాని మీదికి తోసి అందించాడు.

"తినండి. కుదర్నేదనుకోండి. అయినా ఒట్టి నోటితో ఎల్లకూడదు గదా. మంచుకి ఎవుడేటి సేత్తాడు బాబూ, మీరు మాత్తరం ఏటి సేత్తారు!"

తిట్టి ఉంటే బాగుండేది. ఇమ్మాన్యుయేల్ తిన్నాడు. అడుగంటిన చేదు, దాని వెనక తీపి.

"ఒక్క పని మాత్తరం సెయ్యాల," అన్నాడు సత్తియ్య. "ఆ పిల్ల తండ్రి ఉన్నాడు గదా. ఎవుడిదో పొగ వల్ల పిల్ల పోనాదని కుమిలిపోతా ఉంటాడు. నేను సెప్తే నమ్మడు. మీరు సెప్పాల. నేనూ వత్తాను."

అక్కడ చెబితే ఆస్పత్రికి తెలుస్తుంది. ఆస్పత్రికి తెలిస్తే ఉద్యోగం ఉండదు. షెకీనాకి ఏమని చెప్పాలో ఆలోచన రాలేదు. చిన్నమ్మలు ఇటుక గోకడం ఆపి అతని వైపే చూస్తోంది.

"పద మామా," అన్నాడు.

హైవే మీద తుని బస్సు దొరికింది. వెనక సీటులో ఇద్దరికి చోటు ఉంది. సత్తియ్య కిటికీ పక్కన కూర్చుని, టిక్కెట్టు మడిచి రొంటిన దోపుకున్నాడు. "ముందు మీరే మొదలెట్టండి బాబూ. తరవాత నేను అందుకుంటాను," అన్నాడు. ఎండ చురుగ్గా ఉంది. రోడ్డు పక్క తోటల్లో దూరదూరంగా బెల్లం పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి. సత్తియ్య వాటిని చూడలేదు. బస్సు ఊరు దాటకముందే అతని తల ఒకసారి వాలింది, లేచింది, మళ్లీ వాలి ఇమ్మాన్యుయేల్ భుజం మీద ఆగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పసిపిల్లాడిలా గురక పెట్టాడు.

కండక్టరు వచ్చి చిల్లర ఇవ్వబోతే ఇమ్మాన్యుయేల్ చెయ్యి చాపలేదు. ఆ భుజం కదిపితే ముసలాడు లేచిపోతాడు. నక్కపల్లి ఇంకా దూరముంది. ఆ తండ్రితో మొదటి మాట ఏమని అనాలో వెతుక్కుంటూ, కదలకుండా, కళ్లు తెరుచుకుని కూర్చున్నాడు.